మెట్టు జారినప్పుడు: మతిమరుపు జబ్బున్న అమ్మానాయనలకు ఒంట్లో బాగాలేనప్పుడు మన మనసు నిలుపుకోవడం

సోమవారం దాకా తన గ్లాసు తానే పట్టుకుని కాఫీ తాగిన మనిషి. పేర్లు తడబడినా ‘మా పెద్దోడు’ అని చెయ్యి చూపించేవాడు. గురువారం జ్వరం తగిలింది. శనివారానికి ఎవరివైపూ చూడడం లేదు, పంచె తడిసినా తెలియడం లేదు, చెయ్యి పట్టుకుంటే విదిలించి కొడుతున్నాడు. ఆసుపత్రి వరండాలో ఇంటిల్లిపాదీ అడిగే మాట ఒకటే: ‘ఇంక ఇంతేనా?’

ఆ రోజు ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. జవాబు అప్పుడే కావాలని పట్టుబట్టేవాళ్ళలో కొందరు ఆ రాత్రికే ఆశ వదిలేసుకుంటారు. ఇంకొందరు నాలుగు రోజుల్లో పాత నాయన లేచి కూర్చుంటాడని నమ్మి, లేవకపోతే రెండోసారి కుప్పకూలతారు. ఈ జబ్బులో దుఃఖం ఒక్కసారిగా రాదు, వాయిదాల మీద వస్తుంది. ప్రతి జ్వరానికీ ఒక వాయిదా, పడిన ప్రతిసారీ ఒక వాయిదా. ఏది తిరిగొచ్చే వీలుందో, ఏది పోయిందో వేరుచేసి చూడడం అలవాటైతే మనసు కాస్త నిలబడుతుంది. ఏడవాల్సింది ఎప్పుడో, ఎదురుచూడాల్సింది ఎప్పుడో తెలుస్తుంది.

ముందు ఒక పేజీ రాయండి

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్లు మారుతుంటారు. ప్రతి ఒక్కరూ అడిగేది ‘ఇంతకుముందు ఎట్టా ఉండేవాడు?’ అనే. ‘బాగానే ఉండేవాడండీ’ అంటే వాళ్ళకు ఏమీ తెలియదు. మతిమరుపు మనిషి బాగుండడం అంటే ఏమిటో ఇంటింటికీ వేరు. ఒక నోటు పుస్తకం తీసుకుని, జబ్బు చేయడానికి రెండు వారాల ముందు మనిషి ఎలా ఉన్నాడో ఒక పేజీలో రాయండి. పైన తేదీ వేయండి. నడక ఎలా ఉంది: ఒంటరిగానా, గోడ పట్టుకునా, మనం పట్టుకుంటేనా? అన్నం తానే కలుపుకుంటాడా, మనం ముద్ద పెట్టాలా? మాట్లాడితే వాక్యం వస్తుందా, రెండు ముక్కలే వస్తాయా? ఒంటికి, రెంటికి వచ్చినప్పుడు చెప్తాడా? ఎవరెవరిని గుర్తుపడతాడు? రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు? అన్నిటికీ అడుగున, ఏది చూస్తే మొహం వెలుగుతుందో రాయండి: మనవరాలా, పెరట్లో గేదెనా, రేడియోలో పాత పద్యమా.

ఈ పేజీ డాక్టరు కంటే మనకే ఎక్కువ పనికొస్తుంది. దుఃఖంలో ఉన్నప్పుడు మన జ్ఞాపకం వెనక్కి పరుగెత్తుతుంది. పొగాకు బేరన్ల దగ్గర పదిమందిని గదమాయించిన నాయనను, పండక్కి ముప్పై మందికి ఒంటిచేత్తో వండిన అమ్మను తెచ్చి ఎదురుగా పెడుతుంది. వాళ్ళతో పోల్చుకుంటే ప్రతి వారమూ సర్వం పోయినట్టే ఉంటుంది. ఈ వారం పోయింది ఎంత? మనం పట్టుకుంటే బాత్రూం దాకా నడిచేవాడు, ఇప్పుడు నడవడం లేదు. అంతే. ఆ ‘అంతే’ కూడా బాధే. కానీ మోయగలిగిన బాధ.

జబ్బు ముదిరిందా, డెలీరియమా?

మతిమరుపు జబ్బుల్లో (డిమెన్షియా) ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి పూర్తిగా మారిపోయాడంటే ముందుగా అనుమానించాల్సింది డెలీరియం. మన పెద్దవాళ్ళు జ్వరం తలకెక్కి పలవరిస్తే సన్నిపాతం అనేవాళ్ళే, దానికి దగ్గరి సంగతి. మతిమరుపు ఉన్న మనిషికి ఒంట్లో ఏ చిన్న తేడా చేసినా ఇది రావచ్చు. దీని గుర్తు హెచ్చుతగ్గులు: పొద్దున కాస్త మాట వింటాడు, సాయంత్రానికి గోడమీద చీమలు పాకుతున్నాయంటాడు. పక్షవాతం వల్ల వచ్చే మతిమరుపు కూడా ఉన్నట్టుండి ఒక మెట్టు దిగుతుంది. మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

డెలీరియం రెండు రూపాల్లో వస్తుంది. అరిచి, పైపులు పీకేసే రకం అందరికీ కనపడుతుంది. రెండోది నిశ్శబ్దంగా ఉంటుంది: మత్తుగా పడుకుని, పెడితే తిని, పెట్టకపోతే అడగని మనిషి. ‘పాపం, ప్రశాంతంగా ఉన్నాడు’ అనుకుంటాం. ‘వయసైపోయింది, ఇంక మందులెందుకు’ అనేవాళ్ళు కూడా పక్కన చేరతారు. ఈ మత్తు రకాన్నే ఎక్కువగా పట్టించుకోకుండా వదిలేస్తారు, నష్టం కూడా ఇందులోనే ఎక్కువ.

కారణాలు ఇంట్లోనే వెతకడం మొదలుపెట్టొచ్చు. మూత్రం మంటగా, వాసనగా పోతోందా, లేక పొత్తికడుపు బిగుసుకుని అసలు పోవడమే లేదా? విరేచనం అయి ఎన్ని రోజులైంది? మూడు రోజులు దాటితే అదొక్కటే చాలు మనిషిని తికమక పెట్టడానికి. దగ్గు, ఆయాసం, ఛాతీలో నిమ్ము ఉన్నాయా? షుగరు పడిపోయిందా? గత రెండు వారాల్లో కొత్త మాత్ర ఏదైనా మొదలైందా? జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే మాత్రలు, నిద్రకని ఇచ్చే అల్‌ప్రాజోలం మతిమరుపు మనిషిని ఇంకా గందరగోళంలో పడేస్తాయి. అయితే చాలాకాలంగా వాడుతున్న నిద్రమాత్రను మీ అంతట మీరు ఉన్నపళంగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మన వైపు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మతిమరుపు మనిషికి దాహం వేసినా నీళ్ళు అడగాలని తోచదు. పైగా బీపీకి ఉప్పు తగ్గించమన్నారని చప్పిడి తిండి పెడతాం, ఆ బీపీ మాత్రలో నీరు లాగే మందు ఉండొచ్చు. ఈ మూడూ కలిస్తే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో సోడియం (ఉప్పు) లెక్క తప్పుతుంది. మనిషి తూలతాడు, మత్తుగా ఉంటాడు, ఎవరినీ పోల్చుకోలేడు. ఒక రక్తపరీక్షతో బయటపడే సంగతి ఇది. కారణం దొరికితే ఆ మెట్టు మళ్ళీ ఎక్కే అవకాశం ఉంది. అందుకే ‘ఇంక ఇంతేనా’ అని అడగడానికి ముందు ‘కారణం వెతికారా’ అని అడగండి.

ఆసుపత్రిలో మొదటి రోజులు

డెలీరియంలో ఉన్న తల్లి ‘నువ్వెవురే, నాకు విషం పెడతన్నావు’ అన్నప్పుడు కడుపులో పేగు తెగినట్టుంటుంది. ఆ మాట అన్నది జ్వరం. ఆమెతో వాదించొద్దు, ఒట్లు పెట్టొద్దు. మంచం పక్కన ఆమె కళ్ళకు ఎదురుగా, ఆమె ఎత్తుకు వంగి, మెల్లగా చెప్పండి: ‘అమ్మా, నేను చిన్నమ్మాయిని. ఇది నెల్లూరు ఆసుపత్రి. నీకు జ్వరమొచ్చింది, తగ్గతా ఉంది. ఇప్పుడు మధ్యాన్నం.’ గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఇదే. పదోసారి చెప్పేటప్పుడు కూడా మొదటిసారి గొంతుతోనే. ‘ఇంటికి పోదాం పద’ అంటే ‘డాక్టరమ్మ చూసి పంపిస్తుంది, పోదాం’ అనండి. ‘ఇది ఇల్లు కాదు, ఎన్నిసార్లు చెప్పాలి’ అంటే ఆమెకు మిగిలేది భయం ఒక్కటే.

కళ్ళద్దాలు, చెవి మిషను, పళ్ళసెట్టు జాగ్రత్తగా ఉంటాయని ఇంట్లో వదిలేసి వస్తుంటారు. అవే ముందు కావాలి. కనపడక, వినపడక ఉన్న మనిషికి ఆసుపత్రి అంతా పగవాళ్ళ ఊరిలా ఉంటుంది. ఇంటి దుప్పటి ఒకటి, కనిపించేచోట గడియారం ఒకటి పెట్టండి. పగలు కిటికీ తెరలు తీసి ఉంచాలి, రాత్రి లైటు తగ్గించమనాలి.

చాలామందిని ఏళ్ళ తరబడి వెంటాడే దృశ్యం ఒకటుంది: ఐసీయూ అద్దంలోంచి చూస్తే నాయన రెండు చేతులూ మంచానికి గుడ్డతో కట్టేసి ఉంటాయి. సిబ్బంది కూడా గత్యంతరం లేకే కడతారు, సెలైన్ సూది పీకేస్తాడని. చూసి ఏడ్చి వెనక్కి రాకుండా మూడు మాటలు అడగండి. యూరిన్ పైపు ఇంకా అవసరమేనా? మనిషిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే, అవసరం తీరగానే తీసేయొచ్చు. మాలో ఒకరం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే కట్లు విప్పుతారా? నొప్పికి మందు వేళకు పడుతోందా? తుంటి విరిగిన మతిమరుపు మనిషి ‘నొప్పి’ అని చెప్పడు. నుదురు ముడుస్తాడు, మూలుగుతాడు, కాలు ముట్టుకోనివ్వడు. నొప్పి తగ్గితే సగం గొడవ తగ్గుతుంది. మతిమరుపు జబ్బుల్లోనే ఒకటైన లూయీ బాడీ రకం డిమెన్షియా గానీ, చేతులు వణికే పార్కిన్సన్ జబ్బు గానీ ఉంటే, గొడవ తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రమాదం. ఆ సంగతి చేర్చిన రోజే కేసు షీటు మీద రాయించండి.

తుంటి ఎముక విరిగితే మామూలుగా ఆపరేషనే మంచిది. వీలైతే రెండు రోజుల లోపే చేసి, మర్నాడే లేపి కూర్చోబెడతారు. ‘ఈ వయసులో కోతలెందుకు’ అని మంచాన ఉంచితే నొప్పి, నిమ్ము, పడక పుండ్లు వరసగా వస్తాయి. కానీ ఆపరేషన్ బాగా జరిగినా చాలామంది మునుపటంత నడవలేరు. ఇది ముందే తెలిసుంటే ఆ తర్వాత ‘డాక్టరు మోసం చేశాడు, మనం తప్పు చేశాం’ అనే బాధ తగ్గుతుంది.

చెన్నైకి మార్చాలా అనే మాట మన జిల్లాల్లో తప్పక వస్తుంది. నెల్లూరు నుంచి దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 దాకా. బయల్దేరే ముందు అడగాల్సింది ఒకటే: ఇక్కడ లేనిది అక్కడ ఏమి చేస్తారు? గుండెకో మెదడుకో ఫలానా చికిత్స అని పేరు పెట్టి చెప్పగలిగితే వెళ్ళండి. ‘పెద్ద ఊరు కదా, మన వంతు మనం చేసినట్టుంటుంది’ అన్నదే కారణమైతే, తెలియని భాష వినపడే కొత్త వార్డులో డెలీరియం ఇంకా పెరుగుతుందని గుర్తుంచుకోండి. మన మనశ్శాంతి కోసం ఆ ముసలి ప్రాణాన్ని అంత దూరం తిప్పడం సబబు కాదు.

మూడు నెలల గడువు

కారణానికి వైద్యం జరిగాక కూడా డెలీరియం కొందరికి రోజుల్లో, కొందరికి వారాల్లో, ఇంకొందరికి నెలల్లో తగ్గుతుంది. జ్వరం తగ్గిన మర్నాడే మనిషి మామూలవుతాడని చూడకండి. గోడ క్యాలెండరు తీసి, ఇంటికి తెచ్చిన రోజు నుంచి మూడు నెలల తర్వాతి తేదీకి సున్నా చుట్టండి. ఆ తేదీ దాకా ‘ఇంక ఇంతే’ అని గానీ, ‘పూర్తిగా తేరుకుంటాడు’ అని గానీ ఎవరూ తీర్పు చెప్పకూడదని ఇంట్లో ఒప్పందం చేసుకోండి. వారానికి ఒకసారి, ఆదివారం అనుకోండి, నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాస్తే చాలు: నిద్ర, తిండి, మాట, లేచి నిలబడడం. రోజూ రాస్తే ఎగుడుదిగుళ్ళు చూసి మనకే పిచ్చెక్కుతుంది. వారం వారం చూస్తే దారి ఎటు పోతోందో తెలుస్తుంది.

గడువు నాటికి తిరిగి రానిదాన్ని పోయిన ఖాతాలో రాసుకోవాలి. ఇక్కడ ఏడవడం తప్పు కాదు, అవసరం. మనిషి చనిపోతే మనకొక పద్ధతి ఉంది. బంధువులొస్తారు, పెద్దకర్మ దాకా ఇల్లు నిండుగా ఉంటుంది, ఏడిస్తే పక్కన చెయ్యి వేసేవాళ్ళుంటారు. తల్లి మన పేరు మరిచిపోయిన రోజుకు అలాంటి తంతు ఏదీ లేదు. వంటింట్లో నిలబడి ఒంటరిగా ఏడ్చి, మొహం కడుక్కుని, ఆమెకు జావ కాచాలి. కాబట్టి ఆ రోజు కనీసం ఒక్కరికైనా నోరు తెరిచి చెప్పండి, తోబుట్టువుకో చిన్ననాటి స్నేహితురాలికో: ‘ఈ రోజు అమ్మ నన్ను గుర్తుపట్టడం మానేసింది.’ ధైర్యం చెప్పమని అడగొద్దు, వినమని అడగండి.

‘నేను ఆ రోజు పక్కన ఉండుంటే’

పడినా, నిమ్ము చేరినా, పుండు పడినా మొదట వచ్చే ఆలోచన ఇదే. దీనికో పద్ధతి ఉంది. కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆ రోజు ఆ గంటలో మీకు తెలిసినవి, కుడివైపు తర్వాత తెలిసినవి. ‘బాత్రూంలో సబ్బునీళ్ళు ఉన్నాయి’ అన్నది కుడివైపు పడితే, ఆ తప్పు మీరు మోయాల్సింది కాదు. ఎడమవైపు ఏదైనా నిజంగా ఉంటే, ‘కమోడ్ పక్కన కడ్డీ బిగించమన్నారు, వాయిదా వేశాను’ అని ఉంటే, ఆ వారంలోనే కడ్డీ బిగించండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి వెలిగే చిన్న బల్బు పెట్టండి, నడిచే దారిలో కింద పరిచిన పట్టాలు, చాపలు తీసేయండి. పశ్చాత్తాపానికి ఒక పని అప్పజెప్పి, పని అయ్యాక దాన్ని వదలాలి. అన్నీ సరిగ్గా చేసిన ఇళ్ళలో కూడా మతిమరుపు మనుషులు పడతారు. లేవగలనో లేదో తెలియకుండానే లేస్తారు కాబట్టి పడతారు.

కోపం సంగతి ఇంకోటి. రాత్రి రెండు గంటలకు మూడోసారి పక్క తడిపి, మార్చబోతే గీరిన మనిషి మీద అరిచేస్తాం. అరిచిన తర్వాత మన మీద మనకే అసహ్యం వేస్తుంది. గొంతు పెరుగుతోందని తెలియగానే మంచం పక్క రెయిలింగు వేసి, గది బయటికి రండి. ఐదు నిమిషాలు. మొహం మీద చన్నీళ్ళు చల్లుకుని మళ్ళీ లోపలికి వెళ్ళండి. తడి పక్క ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు. ఈ జబ్బులో జరిగిన సంగతి మరిచిపోతారు గానీ, దానివల్ల కలిగిన భయమో, సంతోషమో తర్వాత కూడా కాసేపు నిలుస్తుంది. అందుకే అరుపు తర్వాత వెంటనే తల నిమరండి, పాత పాట ఏదైనా కూనిరాగం తీయండి. ఎందుకు హాయిగా ఉందో ఆమెకు తెలియదు. హాయి మాత్రం తెలుస్తుంది.

ముక్కు పైపు, ముద్ద

జబ్బు బాగా ముదిరాక మింగడం తగ్గుతుంది. పొలమారుతుంది, నిమ్ము చేరుతుంది, ఆసుపత్రిలో ‘రైల్స్ ట్యూబ్ వేద్దామా?’ అంటారు, అంటే ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే పైపు. ఇంటివాళ్ళను ఇంతగా చీల్చే ప్రశ్న ఇంకొకటి లేదు. అన్నం పెట్టడమే ప్రేమ అని పెరిగిన మనం ‘కడుపు మాడ్చి చంపుతామా’ అనుకుంటాం. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, చివరి దశ మతిమరుపులో ఆ పైపు ఆయుష్షు పెంచుతుందని గానీ, నిమ్మును ఆపుతుందని గానీ ఆధారాలు లేవు. మనిషి పీకేస్తాడు, పీకకుండా చేతులు కడతారు. వృద్ధుల వైద్య నిపుణుల సంఘాలు ఈ దశలో పైపు కంటే చేత్తో ఓపిగ్గా తినిపించడమే మేలంటాయి. కొత్తగా పక్షవాతం వచ్చినప్పుడో, జ్వరపు మత్తులో ఉన్నప్పుడో తాత్కాలికంగా వేయడం వేరు. అప్పుడు ‘ఎన్ని వారాలు, ఎప్పుడు తీసి చూద్దాం’ అని డాక్టరును తేదీ అడగండి. తేదీ లేని పైపు అలాగే ఉండిపోతుంది.

తినిపించడం ఇలా. మనిషి పూర్తి మెలకువలో ఉండాలి, మత్తులో పెట్టొద్దు. వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కాస్త కిందికి ఉండాలి. తల వెనక్కి వాల్చి నోట్లో పోస్తే పొలమారుతుంది. పల్చటి నీళ్ళు, మజ్జిగ కంటే చెంచా నుంచి మెల్లగా జారే చిక్కటి రాగిజావ, మెత్తగా మెదిపిన పెరుగన్నం తేలిగ్గా మింగుతారు. టీ చెంచాలో సగమే తీసుకుని పెట్టండి. పెట్టాక గొంతు వైపు చూడండి: గొంతుముడి పైకి లేచి కిందికి దిగితేనే మింగినట్టు. దిగాక ఇంకో రెండు క్షణాలు ఆగి, రెండో చెంచా. బుగ్గలో దాచుకున్నారేమో మధ్య మధ్యలో చూడాలి. గొంతులో గురగుర వినపడినా, మాట తడితడిగా వచ్చినా ఆ పూటకు ఆపేయండి. అరగంటలో ఎంత తింటే అంత. తిన్నాక మరో అరగంట కూర్చోబెట్టే ఉంచాలి.

ఆరు చెంచాలు తిని నోరు బిగించేస్తే ఆ పూట భోజనం ఆరు చెంచాలే. చివరి దశలో ఒళ్ళు తిండి అడగడం మానేస్తుంది. తినకపోవడం వల్ల ఆమె జారిపోవడం లేదు, జారిపోతోంది కాబట్టి తినడం లేదు. ఇది ఇంట్లో అందరూ ఒకసారి కలిసి కూర్చుని డాక్టరు నోట వినాలి. ఒక్కరే విని మిగతావాళ్ళకు చెబితే ఆ ఒక్కరే దోషి అవుతారు.

మతిమరుపు ఇంకా మొదటి దశలోనే ఉంటే, మనిషికి బుద్ధి నిలకడగా ఉన్నప్పుడే అడిగి పెట్టుకోవడం మంచిది: ‘వెంటిలేటరు, పైపులు నీకు ఇష్టమేనా?’ ఆ ఇష్టాన్ని ముందే కాగితం మీద రాసిపెట్టుకోవడాన్ని లివింగ్ విల్ అంటారు. సుప్రీంకోర్టు 2018లో దీనికి చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులతో, నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ రాయించవచ్చు. ఆ దశ దాటిపోతే కాగితం కుదరదు. ఎప్పుడో ఎవరి చావు దగ్గరో వాళ్ళన్న మాటలే ఆధారం. అవి గుర్తున్నంతవరకు రాసుకోండి.

తోబుట్టువులు, పలకరింపులు

రోజూ చూసేవాళ్ళు ఒక్కో మెట్టు దిగుతూ వస్తారు. హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలో ఉన్నవాళ్ళు విమానం దిగి ఆరు మెట్లు ఒకేసారి చూస్తారు. వచ్చీరాగానే ‘స్పెషలిస్టుకు చూపించలేదా, ఇట్టా అయిపోయిందేంది’ అనే కేకలు ఆ దెబ్బలోంచి వచ్చేవి. వాదనకు దిగకుండా నోటు పుస్తకం చేతికివ్వండి, రెండు పూటలు తినిపించే పని, ఒక రాత్రి కాపలా పని అప్పగించండి. వాళ్ళు దూరాన ఉన్నప్పుడు రోజుకొక్క మెసేజ్ చాలు, రాత్రి ఎనిమిదికి, ఒకే గ్రూపులో. డాక్టరుతో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. డబ్బు లెక్క వేరే పుస్తకంలో రాసి నెలకోసారి అందరికీ ఫొటో పంపండి. డబ్బు గొడవ చివర్లో ప్రేమ గొడవ వేషం వేసుకుని వస్తుంది.

ఇంట్లో అసలు బరువు మోసేది చాలాచోట్ల కోడలు. మామగారి డైపరు మార్చే కోడలికి ‘నీ పుణ్యం ఊరికే పోదు’ అనే మాట కంటే భర్త రాత్రి కాపలా తీసుకోవడం ఎక్కువ సాయం.

పలకరింపుకు వచ్చేవాళ్ళకు గుమ్మం దగ్గరే రెండు మాటలు చెప్పండి. ‘నేనెవరో చెప్పుకో’ అని పరీక్ష పెట్టొద్దనండి. జవాబు రాక ఆయన మొహం వాడిపోవడం చూడాల్సింది మీరే. వాళ్ళే పేరు చెప్పుకుని, వానల సంగతో, నారుమళ్ళ సంగతో ఎత్తితే చాలు. ‘ఏంది ఇంత చిక్కిపోయాడు, సరిగా పెట్టడం లేదా?’ అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఒక జవాబు తయారుగా ఉంచుకోండి: ‘జబ్బులో అది ఒక దశంట పిన్నీ, డాక్టరుగారు చూస్తానే ఉండారు.’ ఇంకో మాట కలపొద్దు. సంజాయిషీ మొదలుపెడితే రాత్రంతా మనసులో అదే తిరుగుతుంది.

మీ ఒళ్ళు, మీ మనసు

ఆసుపత్రి నుంచి తెచ్చిన మొదటి నెలలో రాత్రిని రెండు ముక్కలు చేయండి: పది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఆరు దాకా ఒకరు. కాపలా లేనివాళ్ళు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. మంచాన పడ్డవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సి ఉంటుంది, ఎయిర్ బెడ్ ఉన్నా తప్పదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలకు కరెంటు పోతే మోటారు ఆగి ఆ పరుపు చప్పబడిపోతుంది. ఇన్వర్టరు లైను ఆ గదికి ముందే వేయించుకోండి. తెల్లవారుజామున లేచి తడిమి చూసి, చప్పబడిన పరుపు మీద ఎన్ని గంటలు పడుకున్నాడో అని కుమిలిపోయే అవసరం రాదు.

వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు ఇంటి బయట గడపండి. నెల్లూరు వాళ్ళకు మైపాడు, ఒంగోలు వాళ్ళకు కొత్తపట్నం దూరమేమీ కాదు. అలల దగ్గర ఊరికే కూర్చుని రండి. మందుల కొట్టుకు వెళ్ళి రావడం ఈ లెక్కలోకి రాదు.

‘ఈ బాధ పడేకంటే పోతే బాగుండు’ అని తల్లి గురించి అనిపించడం పాపం కాదు. చూసేవాళ్ళలో చాలామందికి ఆ తలపు వస్తుంది, పైకి చెప్పరు. ఆ బాధ ఆగాలని కోరుకోవడమే అది. కానీ ఆమె నిద్రపోతున్నా మీకు రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ‘నేను చచ్చిపోతే బాగుండు’ అనిపించినా, ఆమె మీద చెయ్యి చేసుకుంటానేమో అని భయమేసినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వృద్ధుల అవసరాలకు, వేధింపుల ఫిర్యాదులకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

సున్నా చుట్టిన తేదీన

మూడు నెలల తేదీ వచ్చినప్పుడు నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, మొదటి పేజీలో అడిగినవే మళ్ళీ రాయండి: నడక, తిండి, మాట, నిద్ర, ఎవరిని గుర్తుపడతాడు. పాత పేజీని పక్కన పెట్టుకుని రాయొద్దు, ఇప్పుడున్న మనిషిని చూస్తూ రాయండి. మొహం వెలిగించేదేమిటో అడుగున రాసేటప్పుడు తొందరపడకండి. గేదెను గుర్తుపట్టకపోవచ్చు, వెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెడితే కళ్ళు మూసుకుని నవ్వుతుండొచ్చు. అది రాయండి. ఆ పేజీ ఫొటో ఒకటి గ్రూపులో పెట్టండి. జిరాక్సు ఒకటి తీసి, పాత రిపోర్టులు, మందుల చీటీ, ఆధార్, వైద్యసేవ కార్డు ఉన్న సంచిలో పెట్టి ఆ సంచిని తలుపు వెనక మేకుకు తగిలించండి. ఈసారి అర్ధరాత్రి 108 వచ్చినా చేతికందేది అదే కావాలి.